తాతయ్య మాటలు లెక్కపెట్టిన కమాండు

కనుమ నాడు మధ్యాహ్నం, నాలుగు గారెలు ఎక్కువే తిని నడుం వాల్చబోతున్నాను. మా మనవరాలు ల్యాప్‌టాప్ చంకన పెట్టుకొచ్చి మంచం పక్కన చతికిలబడింది.

“తాతయ్యా, నువ్వు పత్రికకి రాసే కబుర్లలో రెండు పేరాలకోసారి ‘అన్నట్టు’ అని వస్తుంది. ఎప్పుడైనా చూసుకున్నావా?”

రానే రాదన్నాను.

“అయితే లెక్క తేల్చేద్దాం. నీ వ్యాసాలన్నీ ఒక్క ఫోల్డర్లోనే ఉన్నాయిగా. ‘మాటలు’ అని ఒక కమాండు తయారుచేస్తా. అది కొట్టగానే ఏ మాట ఎన్నిసార్లు వాడావో వరసగా వచ్చేయాలి. వచ్చిన చిక్కల్లా ఏ లాంగ్వేజ్‌లో రాయాలన్నదే. మా టీములో ఒకడు గో అంటాడు, ఇంకొకడు రస్ట్ అంటాడు, మా లీడ్ పైథాన్ తప్ప ఇంకో పేరు ఎత్తడు.”

నిద్ర ఎగిరిపోయింది. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ యూనిక్స్ మెషీన్ల నల్ల తెర ముందు కూర్చున్నవాణ్ణి. ఈ ప్రశ్న చెవిన పడితే రిటైరైన బస్సు డ్రైవరుకి ఘాట్ రోడ్డు కనపడ్డట్టే.

నల్ల తెర ఎరగనివాళ్ళకి రెండు ముక్కలు. కంప్యూటరు గుట్టంతా లోపలుండే కెర్నెల్ చేతిలో ఉంటుంది. మనం తెర మీద కొట్టిన మాట చదివి, ఆ పేరున్న ప్రోగ్రామ్‌ని వెతికి, కెర్నెల్ చేత నడిపించేది షెల్. టెంకాయలో కొబ్బరీ, దాని చుట్టూ చిప్పా అనుకోండి. 1960లలో లూయీ పూజా అనే ఫ్రెంచి ఇంజినీరు ఆ పేరు పెట్టాడు. ఇక కమాండంటే మంత్రమేమీ కాదు, ఒక ఫైలు. షెల్ దగ్గర పాత్ అని ఒక జాబితా ఉంటుంది. అందులో రాసి ఉన్న ఫోల్డర్లని ఒకటొకటే తెరిచి చూస్తుంది. మొదట ఎక్కడ ఆ పేరు దొరికితే దాన్నే నడుపుతుంది. ‘మాటలు’ అని తెలుగులో పేరు పెట్టినా దానికేం అభ్యంతరం లేదు. యూనిక్స్ ఫైలు పేరులో స్లాష్ గీతా, విలువ సున్నా అయిన బైటూ కూడదు, మిగతావన్నీ చెల్లుతాయి.

“మరి లోపల ఏ లాంగ్వేజ్ ఉందో దానికెలా తెలుస్తుంది?” అంది మనవరాలు. ఆఫీసులో రోజూ వాడే పిల్లే, కానీ ఈ గడప ఎప్పుడూ దాటి చూసినట్టు లేదు.

షెల్‌కి తెలియదమ్మా, తెలుసుకోదు కూడా. ఫైల్లో మొదటి రెండు గుర్తులు ‘#!’ అయితే, అంటే 35, 33 అనే విలువలున్న రెండు బైట్లయితే, ఆ పక్కనే రాసి ఉన్న ప్రోగ్రామ్‌ని పిలిచి ఈ ఫైలుని దాని చేతిలో పెడుతుంది కెర్నెల్. 1980లో, యూనిక్స్ కన్నవాళ్ళలో ఒకడైన డెన్నిస్ రిచీ చేసిన ఏర్పాటిది. పైథాన్ అని ఉంటే పైథాన్‌ని పిలుస్తుంది, పెర్ల్ అని ఉంటే పెర్ల్‌ని. గో, రస్ట్, సీ లాంటివైతే ముందే మరపట్టించి మెషీన్ భాషలోకి దించేస్తాం కనుక ఆ రెండు గుర్తులతో పనే లేదు. బయటినుంచి చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి.

షెల్ అడిగేవి వేరే ఉన్నాయి. పేరు పక్కన ఇచ్చిన వివరాలు చదువుకోవాలి. లోపలికి వచ్చే గొట్టంలోంచి సరుకు తీసుకుని, బయటికి పోయే గొట్టంలో ఫలితం పొయ్యాలి. ఏదైనా తేడా వస్తే గోల మూడో గొట్టంలో పెట్టాలి. ఆ మూడోది మొదట్లో లేదు. యూనిక్స్ పుట్టిన బెల్ ల్యాబ్స్‌లో అచ్చుకి అక్షరాలు కూర్చే ఖరీదైన ఫోటో యంత్రం ఒకటుండేది. దానికి పని అప్పజెప్పి, ఫిల్మ్ కడిగి చూసుకుంటే వ్యాసానికి బదులు ‘ఫలానా ఫైలు తెరవలేకపోయాను’ అనే వాక్యం అందమైన అచ్చులో వచ్చి కూర్చునేదట. అలా కొన్నిసార్లు ఫిల్మ్ దండగయ్యాక ఫిర్యాదులకి వేరే దారి వేశారు. చివరగా, పని ముగిశాక ఒక అంకె చెప్పాలి. సున్నా అంటే పాసు. మన బళ్ళలో సున్నాకి ఉన్న పరువు తెలిసినవాళ్ళకిది తలకిందులుగా ఉంటుంది. పని సవ్యంగా జరగడానికి ఒకటే దారి, చెడడానికి మాత్రం సవాలక్ష. ఆ చెడిన తీరులు చెప్పడానికి 1 నుంచి 255 దాకా అంకెలు మిగలాలి కదా మరి.

ఇవన్నీ పాటిస్తే చాలు, కమాండు పాళీ భాషలో రాసినా షెల్ కాదనదు. అంచేత ‘ఏ లాంగ్వేజ్ గొప్ప’ అని మీ టీము కుర్రాళ్ళు కొట్టుకోవడం, రోలు గొప్పా గ్రైండరు గొప్పా అని కొట్టుకోవడం లాంటిదే. గుప్పెడు కొబ్బరి పచ్చడికి గ్రైండరు దింపితే రుబ్బడం కంటే కడగడం ఎక్కువ పని. పెళ్ళి పిండి రోట్లో రుబ్బమంటే మీ అమ్మమ్మ నన్ను గడప తొక్కనివ్వదు.

“సరే, ఇది గుప్పెడు పచ్చడా పెళ్ళి పిండా?”

గుప్పెడే అన్నాను ధైర్యంగా. ఎందుకంటే సరిగ్గా ఇదే లెక్కకి ఒక చరిత్ర ఉంది. 1986లో ‘కమ్యూనికేషన్స్ ఆఫ్ ది ఏసీఎం’ పత్రికలో జాన్ బెంట్లీ ఒక శీర్షిక నడిపేవాడు. ఒక పాఠంలో ఎక్కువసార్లు వచ్చే మాటలేవో చెప్పే ప్రోగ్రామ్ రాయమని డొనాల్డ్ కనూత్ అంతటివాణ్ణి అడిగాడు. ప్రోగ్రామ్‌ని సాహిత్యంలా చదువుకునేలా రాయాలని కనూత్ పట్టుదల. ఆ పద్ధతిని చూపించడానికే అడిగారు కూడా. ఆయన పాస్కల్‌లో, తానే కనిపెట్టిన కొత్త డేటా అమరికతో, అచ్చులో పది పేజీలు దాటేలా చెక్కిచ్చాడు. దాన్ని సమీక్షించమని డగ్ మెకిల్‌రాయ్‌కి ఇచ్చారు. ఆయన పనితనాన్ని మెచ్చుకుని, చివర్లో ఆరే ఆరు షెల్ కమాండ్ల వరస రాసి, అదే పని ఇదీ చేస్తుందన్నాడు.

ఈ మెకిల్‌రాయ్ ఎవరనుకున్నారు? ప్రోగ్రాముల్ని తోటకి నీళ్ళు పెట్టే రబ్బరు గొట్టాల్లా ఒకదానికొకటి బిగించుకునే వీలుండాలని 1964లోనే కాగితం మీద పెట్టినాయన. తొమ్మిదేళ్ళు వెంటపడి, 1973లో కెన్ థామ్సన్ చేత యూనిక్స్‌లో ఆ ‘పైపు’ పెట్టించాడు. ‘|’ అనే నిలువు గీత అదే.

ఆయన ఆరు కమాండ్ల వరసని మనవరాలి చేత కొట్టించాను. మొదటి టీఆర్ ఇంగ్లీషు అక్షరాలు కానివన్నీ తీసి కొత్త లైను పెడుతుంది, అంటే లైనుకో మాట మిగులుతుంది. రెండో టీఆర్ పెద్ద అక్షరాల్ని చిన్నవి చేస్తుంది. సార్ట్ అన్నిటినీ అకారాది వరసలో పేరుస్తుంది, దాంతో ఒకే మాటలన్నీ పక్కపక్కన చేరతాయి. యూనిక్ అనేది పక్కవాణ్ణి తప్ప చూడలేని హ్రస్వదృష్టి మనిషి కనుక ముందు ఆ పేర్పు తప్పదు. అది ఒకేలా ఉన్నవాటిని ఒకటి చేసి లెక్క రాస్తుంది. మళ్ళీ సార్ట్, ఈసారి లెక్కని బట్టి పెద్దది పైకి. సెడ్ మనకి కావలసినన్ని లైన్లు చూపించి ఆపేస్తుంది. ఒకటి వండుతుంది, ఒకటి వడ్డిస్తుంది, ఒకటి ఆకులు తీస్తుంది. ఏదీ పక్కదాని పనిలో వేలు పెట్టదు.

ఎంటర్ నొక్కింది. తెర మీద ఒకే ఒక లైను: 1 అనే అంకె, దాని పక్కన ఖాళీ.

“పదిహేనేళ్ళు రాశానన్నావ్. ఏమీ లేదంటోంది!” అని ఒకటే నవ్వు.

నేనే మరిచిపోయాను. మెకిల్‌రాయ్ వరసకి ‘ఏ నుంచి జడ్ దాకా’ తప్ప అక్షరాలు లేవు. నా తెలుగంతా దాని కళ్ళకి దుమ్ము. దుమ్మంతా ఊడ్చి, ఒక కొత్త లైను కింద పోగు చేసి, ‘ఇదుగో ఒకటి’ అంది.

పోనీ, జాగాలున్న చోట మాట విరగ్గొట్టమని మార్చాం. ఈసారి మాటలు వచ్చాయి. కానీ ‘అన్నట్టు’ ఒకటి, కామా తగిలించుకున్న ‘అన్నట్టు’ ఇంకొకటి. కామాలూ చుక్కలూ టీఆర్ చేతే తీయించాం. పని జరిగింది. నా వ్యాసాల్లో సంభాషణలకి వంకీ కొటేషన్లు వాడతాను, అవీ తీసెయ్యమన్నాం. అంతే, తెర నిండా ప్రశ్నార్థకాలు. ‘రోజు’లో జు పోయింది, ‘నీళ్ళు’లో దీర్ఘం పోయింది.

ఈ వింతని కాస్త దగ్గరగా చూడాలి. మన తెలుగు అక్షరం ఒక్కొక్కటీ యూటీఎఫ్-8 పద్ధతిలో మూడు బైట్లు. ‘తెలుగు’ అన్న మాట కంటికి మూడే. కంప్యూటరుకి త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము అని ఆరు. బైట్లు లెక్కపెడితే 18. వంకీ కొటేషను కూడా మూడు బైట్లే. నా లినక్స్‌లో ఉన్న టీఆర్ పాతకాలపుది, దానికి అక్షరాల జ్ఞానం లేదు, బైట్లే చూస్తుంది. కొటేషన్లు తీసెయ్యమంటే వాటిలో ఉన్న బైట్లని విడివిడిగా గుర్తుపెట్టుకుని, ఎక్కడ కనపడితే అక్కడ తీసేసింది. తెరిచే కొటేషనులో చివరి బైటూ మన ‘జ’లో చివరి బైటూ ఒకటే. మధ్య బైటూ మన గుడిదీర్ఘంలో చివరి బైటూ ఒకటే. కామా తీస్తే ఏమీ కాలేదేం అంటే, ఇంగ్లీషు గుర్తుల బైట్లు వేరే భాషల అక్షరాల్లో ఎక్కడా రాకుండా యూటీఎఫ్-8ని 1992లోనే జాగ్రత్తగా అల్లారు. అల్లినవాళ్ళు కెన్ థామ్సన్, రాబ్ పైక్. న్యూజెర్సీలో ఒక హోటల్లో రాత్రి భోజనానికి కూర్చుని, పళ్ళెం కింద పరిచే కాగితం మీద గీసుకున్నారట. మన వాళ్ళలోనూ భోజనాల దగ్గర బోలెడు గొప్ప ఆలోచనలు పుడతాయి, చెయ్యి కడుక్కునేలోపు పోతాయి.

కొటేషన్ల పని టీఆర్ నుంచి పీకేసి సెడ్‌కి అప్పజెప్పాం. దానికి అక్షరాలు తెలుసు. లెక్క తేలింది. గుప్పెడు పచ్చడి రోట్లోనే అయిపోయింది చూశావా అన్నాను.

అక్కడితో ఆగితే నేను నెగ్గేవాణ్ణి. పిల్ల ఆగదుగా. ఏ సంవత్సరం వ్యాసాలో అడిగితే అవే లెక్కపెట్టాలంది. అయిదుసార్ల కంటే తక్కువ వచ్చినవి వద్దంది. వాడకం తెలియనివాళ్ళకి సాయం చూపించాలంది. రెండు ఫోల్డర్లని పోల్చాలంది. ఒక్కో కోరికకీ మా స్క్రిప్టు, అంటే ఆ కమాండ్ల వరస రాసిన ఫైలు, అరపేజీ పెరుగుతూ పోయింది. షెల్ రాతలో అసలు ముప్పు ఇక్కడే మొదలవుతుంది. షెల్‌కి అన్నీ మాటలే. అంకె కూడా మాటే, జాబితా కూడా మాటే. ఆ మాటని జాగా కనపడ్డ చోటల్లా ముక్కలు చెయ్యడం దాని పుట్టుబుద్ధి. నా దగ్గర ‘పెళ్ళి ఫోటోలు’ అనే ఫోల్డరుంది. ఒకసారి పాత ఫోల్డర్లు సర్దే స్క్రిప్టు రాస్తూ ఆ పేరు చుట్టూ కొటేషన్లు పెట్టడం మరిచాను. ‘పెళ్ళి’ అనే ఫోల్డరు లేదంది, ‘ఫోటోలు’ అనేదీ లేదంది. లేదు కాబట్టి బతికిపోయాను. ఉంటే మా ఆవిడకి ఏం చెప్పేవాణ్ణో! 2011లో లినక్స్‌కి రాసిన ఒక సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ స్క్రిప్టులో, తుడిచెయ్యమని చెప్పే లైను మధ్య అక్కర్లేని జాగా ఒకటి దొర్లింది. ఒక లోతైన ఫోల్డరు పేరు రెండు ముక్కలై, మొదటి ముక్క ‘యూఎస్ఆర్’ అనే ప్రధాన ఫోల్డరుగా మిగిలింది. వాడినవాళ్ళ మెషీన్లలో సిస్టమే సగం ఊడ్చుకుపోయింది.

అందుకే గూగుల్ తన ఇంజినీర్లకి రాసుకున్న నియమాల్లో, షెల్ స్క్రిప్టు 100 లైన్లు దాటితే ఇంకో లాంగ్వేజ్‌కి మార్చమంటుంది. నన్నడిగితే లైన్లు లెక్కపెట్టనక్కర్లేదు. స్క్రిప్టులో జాబితాల్నీ పట్టికల్నీ దాచుకోవాలనిపించిన రోజునే లేచిపోవాలి. అన్నట్టు, ‘షెల్ అన్ని మెషీన్లలో ఉంటుంది’ అనే మాటా సగమే నిజం. పట్టికలు దాచుకునే సదుపాయం బ్యాష్ అనే షెల్‌కి 2009లో నాలుగో వెర్షన్‌తో వచ్చింది. మనవరాలి ఆఫీసు మ్యాక్‌లో ఉన్న బ్యాష్ ఇంకా 3.2. లైసెన్సు తేడాల వల్ల ఆపిల్ అక్కడే ఆపేసి, 2019 నుంచి జడ్‌షెల్ చేతికిస్తోంది. ఉబుంటులో ‘ఎస్‌హెచ్’ అని పిలిస్తే పలికేది బ్యాష్ కాదు, డ్యాష్. ఒకే ఇంటిపేరు, వేర్వేరు మనుషులు.

“షెల్ వదిలేస్తే ఆఖరికి పైథానే కదా! మా లీడ్ మాటే నెగ్గింది” అంది.

మీ లీడ్ మాట నెగ్గడానికి కారణం కూడా తెలుసుకో మరి. గిడో వాన్ రాసమ్ ఆమ్‌స్టర్‌డామ్‌లో అమీబా అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద పనిచేసేవాడు. చిన్న చిన్న నిర్వహణ పనులకి సీ రాస్తే బండెడు చాకిరీ. షెల్‌లో రాద్దామంటే అమీబా లోపలి మీటలు దానికి అందవు. ఆ రెంటి మధ్య సందుని పూడ్చడానికి 1989 క్రిస్మస్ సెలవుల్లో మొదలుపెట్టి, 1991లో బయటికి వదిలాడు. అంటే ఇవాళ కృత్రిమ మేధ అంటూ ఊరేగుతున్న పైథాన్ పుట్టింది మన ‘మాటలు’ లాంటి కమాండ్ల కోసమే.

మనవరాలు ‘మాటలు’ని పైథాన్‌లో పది నిమిషాల్లో రాసేసింది. జాబితా కూడా వచ్చింది. మొదట్లోనే ‘న’, ఆ తరవాత ‘ల’, ‘త’, ‘క’... నేను పదిహేనేళ్ళుగా అక్షరాభ్యాసం చేస్తున్నానన్నమాట. ‘అన్నట్టు’ కోసం వెతికితే అది ‘అన’, ‘నట’, ‘ట’ అని మూడు ముక్కలై కనపడింది.

ఈసారి తప్పు బైట్లది కాదు. పైథాన్ అక్షరాల్నే చూసింది, మాట ఎక్కడ ముగుస్తుందన్న దగ్గర తడబడింది. బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ అనే గుర్తు రాస్తే ‘మాటలో ఉండదగిన అక్షరం’ అని అర్థం. అచ్చులూ హల్లులూ అంకెలూ అందులోకి వస్తాయి. గుణింతపు గుర్తులూ పొల్లూ సున్నా మాత్రం యూనికోడ్‌లో ‘అక్షరం’ కింద కాక ‘చిహ్నం’ కింద ఉన్నాయి. ఇలాంటి గుర్తులతో మాటలు వెతికే సరంజామా, అంటే పైథాన్‌తో పాటు వచ్చే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు, వాటిని మాటలో చేర్చుకోవు. కొమ్ము రాగానే మాట అయిపోయిందనుకుంటాయి. ఇంగ్లీషు మాటలో అచ్చు కూడా విడి అక్షరమే కనుక వాళ్ళకి ఈ బాధ ఎప్పుడూ తెలియదు.

నాకు పట్టుదల వచ్చింది. ల్యాప్‌టాప్ నా ఒళ్ళోకి లాక్కుని పెర్ల్‌లో ఒక్క లైను కొట్టాను. యూటీఎఫ్-8గా చదవమని ఒక స్విచ్, అదే బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ. ‘అన్నట్టు’ చెక్కుచెదరకుండా వచ్చింది! కొమ్ములూ దీర్ఘాలూ ఒత్తులూ మాటలో భాగమేనని పెర్ల్ ఒప్పుకుంటుంది. ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటలో ట్ కీ వే కీ మధ్య ఒత్తు పడకుండా మనం పెట్టే కంటికి కనపడని గుర్తుంటుందే, దాన్నీ కలుపుకుంటుంది. 1987లో పెర్ల్‌ని తయారుచేసిన లారీ వాల్ భాషాశాస్త్రం చదువుకున్నవాడు. ఆ చదువు వల్లే తెలుగు దక్కిందని చెప్పను, యూనికోడ్ పట్టింపులు తరవాత ఎందరో కలిసి పెట్టినవి. అయినా నాకు ముచ్చటేసింది.

“బాగుంది. ఇందులో ఒక్క ముక్కైనా నాకర్థం కాలేదు” అంది తెర వంక చూస్తూ.

అదీ పెర్ల్‌కొచ్చిన చిక్కు. నా తరంలో ఇలాంటి పనికి అదే రాజు. ఇవాళ అందులో రాస్తే బాగుచేసేవాణ్ణి వెతకాలి. పాత టైపు మిషను లాంటిది, మీట విరిగితే బజారంతా తిరగాలి.

ఇంక గో సంగతి. అక్కడ బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ ఇంగ్లీషుకే పరిమితం, మెకిల్‌రాయ్ దగ్గరికి తిరిగొచ్చినట్టే. ‘అక్షరాలూ చిహ్నాలూ’ అని విడమరిచి చెబితే తెలుగు వస్తుంది, కానీ ఆ కనపడని గుర్తు దగ్గర సాఫ్ట్ ఒకచోట, వేర్ ఒకచోట పడతాయి. రస్ట్ మాత్రం, వాడుకలో ఉన్న దాని రెజెక్స్ (రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ల) లైబ్రరీతో, పెర్ల్‌లాగే చక్కగా చేస్తుంది. గోని 2009లో బయటపెట్టిన ముగ్గురిలో కెన్ థామ్సన్, రాబ్ పైక్ ఇద్దరూ ఉన్నారు, అదే పళ్ళెం కాగితం జంట. యూటీఎఫ్-8 పుట్టించినవాళ్ళ లాంగ్వేజ్‌లో తెలుగు మాటకి ఈ గతి పట్టడం నాకు కొంచెం కష్టంగానే ఉంది.

అయితే గోకి ఒక సుగుణముంది. ప్రోగ్రామ్ మొత్తం ఒకే ఫైలుగా తయారవుతుంది. ‘నమస్కారం’ అని చెప్పి ఊరుకునే ప్రోగ్రామ్ కూడా దాదాపు రెండు మెగాబైట్లుంటుంది, నిజమే. కానీ ఆ ఫైలు పట్టుకెళ్ళి అదే తరహా ఇంకో మెషీన్లో పడేస్తే చాలు, నడుస్తుంది. ముందు ఫలానా వెర్షన్ ఉండాలి, ఫలానా లైబ్రరీ ఉండాలి అనే పేచీ లేదు. అందుకే డాకర్, కుబర్నెటీస్ కమాండ్లు గోలో రాశారు. పైథాన్ స్క్రిప్టు వేరే ఊరు పంపడమంటే ఆవకాయ జాడీ రైల్లో పంపడం. 2008లో మూడో వెర్షన్ వచ్చి పాత రాతలు చెల్లవంది. 2020 జనవరి 1తో రెండో వెర్షన్‌కి తద్దినం పెట్టేశారు. ఆ మధ్యకాలంలో ‘ప్రింట్’ పక్కన బ్రాకెట్లు లేవన్న పాపానికి ఎన్ని స్క్రిప్టులు మూలనపడ్డాయో! అదే 1979లో వచ్చిన స్టీఫెన్ బోర్న్ షెల్‌కి రాసినవి చాలావరకు ఇప్పటికీ నడుస్తాయి.

“పైథాన్ స్లో కదా?”

ఎంత స్లో? నా పాత ల్యాప్‌టాప్‌లో పైథాన్ నిద్రలేవడానికి దాదాపు 20 మిల్లీసెకన్లు పడుతుంది. నువ్వు కన్ను ఆర్పేలోపు లేచి పళ్ళు తోముకుని కూర్చుంటుంది. రోజుకోసారి వాడే కమాండుకి అది లెక్కే కాదు. అదే కమాండుని ఇంకో స్క్రిప్టు వెయ్యిసార్లు పిలిస్తే మాత్రం లేవడానికే 20 సెకన్లు పోతాయి. ఎంటర్ కొట్టినప్పుడల్లా నడిచే పని ఏదైనా ఉంటే, అక్కడ గో, రస్ట్ లాంటివాటికే నా ఓటు. జావా ఇంకా బద్ధకం, కాఫీ పడితే గానీ లేవదు.

ఈలోపు పిల్లకి ఇంకో సరదా పుట్టింది. ‘వ్యాసాలు’ అని కొడితే చాలు, ఎక్కడున్నా సరే నా వ్యాసాల ఫోల్డరులోకి వెళ్ళిపోవాలి. పైథాన్‌లో రెండు లైన్లు రాసింది. కొట్టింది. ఉన్నచోటే ఉంది. గోలో రాసింది. ఉన్నచోటే ఉంది. “రెండూ తప్పెలా అవుతాయి?” అని జుట్టు పీక్కుంటుంటే నాకు పట్టరాని నవ్వు.

ఈ బోల్తా యూనిక్స్ కన్నవాళ్ళే పడ్డారు. పీడీపీ-7 అనే మెషీన్ మీద తొలి రోజుల్లో, షెల్ తన జాగాలోకే కొత్త ప్రోగ్రామ్‌ని తెచ్చుకునేది. తరవాత ‘ఫోర్క్’ పెట్టారు, అంటే షెల్ ఒక పిల్లని కని, పని ఆ పిల్లకి చెప్పడం. దానికి 27 లైన్ల అసెంబ్లీ కోడు సరిపోయిందని డెన్నిస్ రిచీ రాసుకున్నాడు. అందరూ సంబరపడుతుండగా ఫోల్డరు మార్చే కమాండు పనిచెయ్యడం మానేసింది. ప్రోగ్రామ్‌లో తప్పేమీ లేదు. కొత్త ఏర్పాటులో ఆ కమాండు పిల్ల చేత నడుస్తోంది. పిల్ల బుద్ధిగా ఫోల్డరు మారి, పనైపోయింది కదా అని కన్నుమూస్తోంది. తల్లి షెల్ కాలు కదపలేదు. చింతపండుకి నిన్ను కొట్టుకి పంపితే, కొట్టు దాకా వెళ్ళింది నువ్వే గానీ మీ అమ్మమ్మ కాదుగా! అప్పటినుంచీ ఆ పని షెల్ కడుపులోనే పెట్టారు. సీడీ అనేది ఇవాళ్టికీ అలాగే నడుస్తోంది.

కాబట్టి ఈ ఒక్క రకం కమాండుకి లాంగ్వేజ్ ఎంచుకునే ప్రశ్నే లేదు. రస్ట్ కాదు, దాని తాత వచ్చినా కుదరదు. షెల్ ఫంక్షనుగా బ్యాష్‌ఆర్‌సీ ఫైల్లో ఒక్క లైను రాసుకోవాలి. ఆ ఫైలు పేరు చివర ‘ఆర్‌సీ’ అంటే ‘రన్‌కామ్’, షెల్‌కి పేరుపెట్టిన పూజా అంతకుముందు రాసిన ప్రోగ్రామ్ పేరు. అరవై ఏళ్ళ కిందటి పేరు ముక్క మన ల్యాప్‌టాప్‌లో ఇంకా కూర్చుని ఉంది. ఒక్క లైను రాసింది, ‘వ్యాసాలు’ కొట్టింది, వెళ్ళిపోయింది.

సాయంత్రం టీ వేళకి ‘మాటలు’ ఒక కొలిక్కి వచ్చింది. పైథానే, కానీ బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ జోలికి పోకుండా. జాగాల దగ్గర మాటలు విడదీసి, ప్రతి మాటకీ అటూ ఇటూ అంటుకున్న కామాలూ కొటేషన్లూ గిల్లేసి, కౌంటర్ అనే రెడీమేడ్ డబ్బాలో వేసింది. ఆ లాంగ్వేజ్ ఎందుకంటే రేపు అది చెడితే బాగుచెయ్యాల్సింది తను. నా పెర్ల్ లైను నా దగ్గర ఉంది, ఎవరికీ చూపించను.

జాబితా వచ్చింది. పైన ‘ఆ’, ‘అని’, ‘ఒక’, ‘ఈ’. రాసేవాడు ఎవడైనా ఇవి తప్పవు. అయిదోది ‘కదా’. ఆరోది ‘మరి’. ఏడో లైను దగ్గర పిల్ల వేలు ఆగింది. నేను కళ్ళజోడు వెతుక్కుంటున్నట్టు అటు తిరిగాను.

“అమ్మమ్మా! ‘అన్నట్టు’ ఏడో నంబరు!” అని వంటింట్లోకి పరిగెత్తింది.

“అది చెప్పడానికి మధ్యాహ్నమంతా కంప్యూటరు కావలసి వచ్చిందా? నన్నడిగితే ముప్పై ఏళ్ళ కిందటే చెప్పేదాన్నిగా” అంది మా ఆవిడ, టీ వడకడుతూ.